లేదు అని రాసే ముందు

సూళ్లూరుపేట బండి ఇవాళ కూడా
బేసిన్ బ్రిడ్జి దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టేసింది.
నేను తరమణి చేరేసరికి
మంచుపెట్టెలో ముక్క వచ్చి ఉంది.
చింతగింజంత. నలభై ఏడో నంబరు.
స్త్రీ, యాభై రెండు, ఎడమవైపు.
ఆమె గురించి నాకు తెలిసింది అంతే.

ముక్కలోంచి కణాల్ని విడదీయాలి.
వ్యాసర్‌పాడి ఇళ్లలా
గోడకు గోడ ఆనించుకుని ఉంటాయవి.
మాకు అలవాటైన దారి ఒకటే:
కత్తెరతో తరగడం, ఎంజైములో వేయడం,
ముప్పై ఏడు డిగ్రీల నీళ్లలో నలభై నిమిషాలు ఊపడం.
ఆ నలభై నిమిషాల్లో నేను టీ తాగుతాను.

పోయిన నెల నలభై ఆరో నంబరులో
ఉండాల్సిన చోట గీత లేదు.
డాక్టర్ తిలకం ఫిల్ము వెలుగుకి పట్టి చూసి
"ఈ కణాలకి ఆ ప్రోటీను లేదు, రాసెయ్" అన్నారు.
కింద, బెదిరినప్పుడు కణం చేసుకునే ప్రోటీను మాత్రం
కాటుక దిద్దినట్టు నల్లగా.

రాయబోయి ఆగాను.
బెదిరింది ఎప్పుడు?
ఆమె ఒంట్లో ఉండగానా,
నేను టీ తాగుతుండగానా?

ఆడవాళ్ల పెట్టెలో ఒకామె
అమ్ముడుపోని మల్లెదండలు విప్పుతుంటుంది.
తొందరపడి దారం లాగితే
పువ్వులు ఒళ్లో రాలతాయి, కాడలు దారానికే ఉండిపోతాయి.
ఒళ్లో పూలు మాత్రమే చూసిన మనిషి
మల్లెలకి కాడలుండవు అని రాసుకుంటే
తప్పెవరిది?

అందుకే ఈసారి నలభై ఏడుని రెండు చేశాను.
ఒక సగం వేడికి, ఎప్పటిలాగే.
ఇంకో సగం మంచులో,
చలిలోనూ పనిచేసే నిదానపు ఎంజైముతో.
రెండున్నర గంటలు. వేళ్లు మొద్దుబారాయి.
"బండి పోతుందక్కా" అంది ఇలవరసి.
పోయింది.

మూడో రోజు సాయంత్రం ఫిల్ము.
వేడి సగంలో గీత లేదు.
చలి సగంలో ఉంది.
పలచగా, కొంచెం వంకరగా,
నిద్రలో ఎవరో పిలిస్తే "ఊఁ" అన్నట్టు.

గెలిచానని అనుకోలేదు.
చలిలో దిగివచ్చిన కణాలు సగానికి సగం తక్కువ.
కొన్ని రకాలైతే ముక్కని వదిలి రానేలేదు.
మంచుకి కూడా
దాని అబద్ధాలు దానికున్నాయి.

డాక్టర్ తిలకం రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, పాత నలభై ఆరు ముక్కల నోటుపుస్తకాలు
అడిగారు.

నా పుస్తకంలో "లేదు" కొట్టేశాను.
దాని కింద రాశాను:
ముప్పై ఏడు డిగ్రీలు, నలభై నిమిషాలు.
అలా అడిగితే, లేదంది.

రాత్రికి ఇలవరసి వాళ్లింట్లోనే.
ఫ్రీజర్‌లో నలభై ఆరో నంబరు
ఇంకా ఆవగింజంత మిగిలి ఉంది.