నీళ్లకు తోడు

ముప్పై రెండేళ్లుగా
ఊరందరి ఇళ్లలో చలిని బాగుచేసి వస్తున్నాను.
కంచరపాలెంలో మా గదికి మాత్రం
గరగరలాడే ఫ్యానే గతి.

యూనివర్సిటీ ల్యాబులో ఫ్రిజ్ విప్పినప్పటి పరిచయం,
సుహాసిని వచ్చి అడిగింది:
"అంకుల్, నీళ్లు పద్దెనిమిది డిగ్రీలు దాటకూడదు. చేయగలరా?"
మందులకా అన్నాను.
ఫోను తిప్పి చూపించింది.
మెడకు రెండువైపులా గులాబీ కుంచెలు, రెప్పల్లేని కళ్లు,
నిన్న చెప్పిన జోకు ఇవాళ అర్థమైనట్టు ఒక నవ్వు.
ఆక్సొలాటల్. నా నాలుక రెండుసార్లు జారింది.
ఈడొచ్చినా పిల్లతనం వదలదట.
కాలు తెగితే మళ్లీ మొలుస్తుందట.
ఎడమచేయి జేబులో పెట్టుకున్నాను.

హాస్టల్లో ఒప్పుకోరు, మా దగ్గరే ఉంచాలి.
ఎత్తు వద్దు, పొడవు కావాలి అంది,
ఈదడం కన్నా అడుగున నడవడమే ఎక్కువట.
పూర్ణా మార్కెట్ వెనక
మూతబడ్డ మిఠాయి కొట్టు అద్దాలు కోయించి
మూడున్నర అడుగుల తొట్టె అతికించాను.
ఉత్తరం గోడకి, ఎండ తగలని చోట, ఇనప స్టాండు మీద.
బియ్యం డబ్బా మంచం కిందికి పోయింది.
నూకరత్నం ఏమీ అనలేదు.
ఆ అనకపోవడం నాకు వినిపించింది.

ఊరి పొడవునా సముద్రం, చెంబెడు నీళ్లు పనికిరావు.
ఊరి పొడవునా ఇసుక, గుప్పెడు పనికిరాదు.
గులకరాళ్లు అసలే వద్దు,
దాని నోటికి రాయీ వానపామూ ఒకటే.
మేడ కడుతున్న చోట నాగావళి ఇసుక అడుక్కుని
టీ వడపోతతో జల్లించాను, మూడు రాత్రులు.
దాక్కోడానికి రెండు పైపు ముక్కలు, ఒక పగిలిన కుండ.

నీళ్లు పోశాం. కుళాయి మందు విరిచాం.
"ఇంక తెచ్చేయమ్మా."
"నెల ఆగాలి అంకుల్. నీళ్లు పండాలి."
రోజూ నాలుగు చుక్కల అమోనియా,
రోజూ చిన్న సీసాలో రంగు చూసుకోవడం.
నాకేమీ తలకెక్కలేదు. రత్నానికే ఎక్కింది.
"పాలు తోడుకోడం నాటిదే గదేటి" అంది.
అవును మరి. సుహాసిని తెచ్చింది కూడా
ఎవరి తొట్టెలోంచో పిండకుండా తీసిన పాత స్పాంజి ముక్కే,
అరువు పెరుగులాగ గిన్నెలో, మూతపెట్టి.

నెల్లాళ్లు ఉత్త నీళ్లకి కాపలా.
వచ్చినవాళ్లంతా "చేపలేవీ?"
"తోడుకుంతన్నాయి" అనేది రత్నం, ఉల్లిపాయలు తరుగుతూ.

ఈలోగా నా పని.
పాత వాటర్ కూలర్ కంప్రెసర్ దొరికింది,
కానీ నీళ్లలో రాగి వద్దంది, దానికి విషమట.
రాగి గొట్టం మీదే ఇన్నేళ్లు అన్నం తిన్నవాణ్ణి,
యాభై ఆరో ఏట స్టీలు గొట్టం వంచడం నేర్చుకున్నాను.
మే నెల. ఫ్యాను పెడితే నీళ్లు చల్లబడే ఊరు కాదిది,
ఇక్కడ గాలే సగం నీళ్లు.
ముల్లు పదిహేడు దగ్గర ఆగిన రోజు
ఊరి ఉక్కంతా వచ్చి గాజు మీద చెమటై కూర్చుంది.
కింద తువ్వాళ్లు పరిచాను.
మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి
రత్నం కళ్లు మూసుకుని, చెంప గాజుకి ఆనించి ఉంది.
చెప్పులు చేత్తో పట్టుకుని
మెట్లు దిగిపోయాను.

రెండూ వచ్చిన రాత్రే కరెంటు పోయింది.
సందులో ఇంటింటి తలుపూ కొట్టాను.
నేను బాగుచేసిన ఫ్రిజ్‌లన్నీ
తలో గడ్డకట్టిన సీసా ఇచ్చాయి.
ఒక్కొక్కటే తొట్టెలో దింపుతున్నాను.
వెలుతురు పడదు వాటికి,
ఫోను దీపాన్ని వేళ్ల మధ్య దాచి చూశాను.
పైపులోంచి తెల్లది బయటికొచ్చి
నా ఎడమచేతికి ఎదురుగా
గాజు మీద ముందుకాలు ఆనించింది.

నాలుగు వేళ్లు.
పుట్టుకతోనే అంతట.
హార్బర్ ఐసు ఫ్యాక్టరీ బెల్టు
నాకు మిగిల్చినవాటికన్నా
ఒకటి ఎక్కువ.