పదింటి గంట

కుడి చక్రం డ్రమ్ము విప్పి బల్ల మీద పెట్టి
ఒవిడియో వేలి కణుపుతో ఒకసారి తట్టాడు,
సంతలో కుండ కొనేవాడు తట్టినట్టు.
టక్ అంది. అంతే.
పగులు నాకు కనపడలేదు.
ఆయనకి వినపడింది.

"ఇంక దీన్ని కోయలేను గ్రసియానా.
నాలుగుసార్లు లేత్ ఎక్కింది ఇప్పటికే,
ఇంకో పొర తీస్తే మిగిలేది కాగితమే.
ఎడమదీ అంతే."
అని మాటే గిన్నె నా చేతిలో పెట్టాడు,
చావు కబురు చెప్పి మంచినీళ్ళిచ్చినట్టు.

సరాందీ తపాలా ఆఫీసులో ముప్ఫైయొక్క ఏళ్ళు
ముద్రలు కొట్టినదాన్ని నేను.
సగం చెరిగిన చిరునామాని కూడా
గుమ్మం చేర్చకుండా వదిలిన పాపాన పోలేదు.
డ్రమ్ముదేముంది, దొరక్కేం చేస్తుంది అనుకున్నాను.

నలభై ఎనిమిది నాటి ఆస్టిన్.
పశువుల డాక్టరు పాకలో కోళ్ళు కాపురమున్న బండి.
పెంకులు దులిపాను, సీట్లు కుట్టించాను,
మూగ ఇంజను చేత మాట్లాడించాను.
పరుగెత్తడం తొందరగానే గుర్తొచ్చింది దానికి.
ఆగడమే.

దురాస్నో పాత ఇనుము కొట్లో ఒకటి దొరికింది,
ఎత్తబోతే గుప్పెడు తుప్పు చేతిలోకొచ్చింది.
ఒకటి గొడుగు కర్రకి పాదమై
సిమెంటు మింగి కూర్చుంది.
ఒకటి యీ నదిలో ఎవరి పడవకో లంగరట,
తాడు తెగి అడుగునుందట,
నీళ్ళు తగ్గితే చూద్దాం అన్నాడు ముసలాయన,
ఏ సంవత్సరమో చెప్పకుండా.

పాల లారీ బల్తసార్ చెప్పాడు చివరికి:
"ఎనభై రెండో నంబరు బడి దగ్గర
రోజూ పదింటికి నువ్వు వెతికేది మోగుతుంది."

నీలగిరి కొమ్మకి తీగతో వేలాడుతోంది.
ఐదు చిల్లులూ ఉన్నాయి.
సుల్మా టీచరు రెంచీతో కొట్టింది.
గొర్రెల మీదుగా, కంచెల మీదుగా
ఆ మోత వెళ్ళి వెళ్ళి ఎక్కడో కూర్చుంది.
పగులు లేదు. ఒవిడియో అక్కర్లేదు చెప్పడానికి.
నలభై ఏళ్ళుగా రోజుకి రెండుసార్లు
పరీక్ష పాసవుతూనే ఉంది అది.
కొలిచి చూశాను, లోపలి అంచు
ఒక్క వెంట్రుకంత కూడా అరగలేదు.
ఆపడానికి పోతపోసిన ఇనుము
ఇన్నాళ్ళూ పిలుస్తూ బతికింది.

"తీసుకెళ్ళండి," అంది టీచరు,
"పిల్లలు ఒప్పుకుంటే."

తెల్ల అంగీలు, మెడ కింద నీలం రిబ్బను ముళ్ళు,
ఏడుగురు న్యాయమూర్తులు మెట్ల మీద.
మర్నాడు ఇనుమంతా మోసుకెళ్ళాను:
రైలు పట్టా ముక్క, ట్రాక్టరు గేరు,
ఖాళీ గ్యాసు సిలిండరు, నాగలి బిళ్ళ.
పట్టా ముక్కకి దగ్గొచ్చిందన్నారు.
సిలిండరుకి నవ్వారు.
గేరు బాగుందన్నారు ఆరుగురు.
ముందుపన్ను ఊడిన మైతేనా మాత్రం
"మా గుర్రానికి అర్థం కాదు" అంది.

మూడింటి గంటకి కంచె దగ్గరికొచ్చి
ఆ పిల్లని ఇంటికి మోసుకెళ్ళే గుర్రం అది.
గేరు కొట్టాం, గడ్డి నములుతూనే ఉంది.
నాగలి బిళ్ళ కొట్టాం.
ఒక చెవి తిప్పింది.
మళ్ళీ కొట్టాం.
నడిచొచ్చింది.
తీర్పు అయిపోయింది.

కుడి చక్రం ఇప్పుడు ఆగుతుంది.
ఎడమది ఇంకా కొయ్యదిమ్మ మీదే ఉంది.
పాత ఇనుము కొట్లు మానేశాను.
మరిది మోటారుసైకిలు మీద, పదికి ఐదు నిమిషాలుందనగా
ఏదో ఒక బడికి దూరంగా ఇంజను ఆపి,
హెల్మెట్టు తీసి, చెవి గాలికిస్తాను.
చాలాచోట్ల కరెంటు గంటలే, ఈగ గోలలా.

నిన్న కర్పింతెరియా దాటాక, మట్టిబాట మలుపులో
గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి.
నాకేమీ వినపడలేదు,
గాలి అవతలికి వీస్తోంది.
రేపు తొమ్మిదిన్నరకే వెళ్తాను,
ఆ వైపునుంచి.