గళ్ళ కాగితం

ట్రియెస్తె రేవులో కాఫీ గిడ్డంగి, వెనక గది.
బయట బోరా గాలి తలుపులు బాదుతోంది,
నెరీనా వేలెత్తి నా ఊపిరిని కూడా తగ్గించమంది.

డయల్ రెండున్నర గీతలు ఎడమకి.
చెవి ఆనించదు;
చూపుడువేలి కొసతో వింటుంది.
గళ్ళ కాగితం మీద పెన్సిలు చుక్క,
మరో చుక్క. ఆరు గంటలు.
కలుపుతూ పోతే గీత ఒకచోట కుంగింది,
ఏళ్ళ తరబడి ఒకే మనిషి పడుకున్న పరుపులా.

యాభై. ఇరవై అయిదు. యాభై.

నెరీనా నవ్వలేదు. తిట్టుకుంది, తననే.
ఫ్యాక్టరీలో పెట్టి పంపిన అంకెలవి!
సాయంత్రం సాయంత్రం కూలీల జేబులు తడిమిన
ముసలి బ్రూనెత్తి
నలభై ఏళ్ళూ వాటిని మార్చనేలేదు.

పిడి తిప్పేముందు
పెట్టె నుదుటి మీద అరచెయ్యి ఆనించింది
జ్వరం చూసినట్టు.