చెయ్యి తిరిగేదాకా

గుహలోంచి బయటపడ్డాం. రాక్షసి చచ్చింది.
తైమి తన అట్టతెర వెనకనుంచి పాయింట్లు పంచింది,
బంతిలో వడ్డించినట్టు, ఎవరి విస్తరికీ తక్కువ కాకుండా.
ఇల్పో పెన్సిల్ మొన నాలుకకి తాకించి
'యోధుడు, ఆరు' అని ఉన్నచోట
పక్కనే రాశాడు: 'మాంత్రికుడు, ఒకటి.'

"ఆగాగు," అంది తైమి.
"నిన్నటిదాకా నీ తోర్కెల్‌కి అక్షరమ్ముక్క రాదు.
సత్రం బోర్డు మీద ఏముందో నన్నడిగి తెలుసుకున్నాడు.
రాత్రి గుహలో పడుకున్నాడు, పొద్దున్నే లేచాడు.
మధ్యలో మంత్రం చెప్పిందెవరు, గబ్బిలాలా?"

టుర్కులో జనవరి. నాలుగింటికే చీకటి.
అపార్ట్‌మెంట్ అడుగున, సైకిళ్ళ గది పక్కన మా బల్ల.
గోడకవతల ఎవరివో దుప్పట్లు ఆరుతున్న వేడి.

ఒస్మోకి పందొమ్మిదేళ్ళు, నియమాల పుస్తకం నోటికొచ్చు.
"నూట పన్నెండో పేజీ. అనుమతి ఉంది," అన్నాడు.
"అయినా, పొట్టలో దిగిన కత్తిపోటు
ఒక్క నిద్రతో మానిపోతే అడగరు మీరు.
డ్రాగన్ ఎగిరితే అడగరు.
చదువొక్కటే వచ్చిందా అడ్డం?"
"డ్రాగన్ ఎగరనీ," అంది తైమి,
"ఎగరడం ఎప్పుడు నేర్చుకుందంటాను."
ఆమె పగలు ఈత నేర్పుతుంది.
నీళ్ళంటే బిగుసుకుపోయే మెడల్ని
ఇరవయ్యేళ్ళుగా అరచేత్తో మోస్తోంది.

ఇల్పో మాట్లాడలేదు.
ఓడల యార్డులో ఇరవై రెండేళ్ళు వెల్డింగు చేశాడు.
నడుము పోయాక, నలభై ఏడో ఏట
నర్సింగు బడిలో ఓనమాలు దిద్దుతున్నాడు
ఒస్మో ఈడు పిల్లల మధ్య, వెనక బెంచీలో.
ఆరువారాలు కమలాపండుకి సూదిమందు ఇచ్చాడు.
మొదటిసారి మనిషి చెయ్యి పట్టుకున్నప్పుడు
ఆ ముసలావిడే అతన్ని ఓదార్చిందట.
థర్మామీటర్ని ఇప్పటికీ నిప్పులు కక్కేదాన్లా
ముఖానికి దూరంగా పట్టుకుంటాడు.

"అక్కడెలాగూ మూడేళ్ళు," అన్నాడు చివరికి.
"ఇక్కడైనా
ఒక్క రాత్రిలో అవ్వనీ."

ఎవరం ఏమీ అనలేదు. నేను నా బాణాలు లెక్కపెట్టుకున్నాను,
పదకొండు, మళ్ళీ పదకొండు.
తైమి కాఫీ పోసింది. తన కప్పులో పంచదార రెండుసార్లు వేసుకుంది.
తర్వాత అడిగింది: "తోర్కెల్ సంచిలో ఏమున్నాయి, చదువు."

తాడు. చెకుముకి. ఎండుచేప సగం.
చచ్చిన సన్యాసి గుడిసెలో దొరికిన పుస్తకం.
అది మా రెండో ఆట. పద్నాలుగు నెలలైంది.
ముప్ఫై బంగారు నాణేలొస్తాయి, అమ్మెయ్యమని
నేనే ఎన్నిసార్లు పోరానో.
"వెనక్కి తిప్పు," అంది తైమి.
కాగితం వెనక పెన్సిల్ గీతలు, అయిదేసి కట్టలు.
కావలి కాసిన రాత్రుల లెక్కనుకున్నాను ఇన్నాళ్ళూ.
"కావలి లెక్కే," అన్నాడు ఇల్పో,
"మీరు నిద్రపోయాక బొమ్మలు చూసేవాడు.
తర్వాత బొమ్మల కింద గీతలు.
సత్రం బోర్డు అడిగింది తెలీక కాదు.
సరిచూసుకోడానికి."

మొన్న బస్సులో నన్నొక మందు పేరు పలకమన్నాడు.
నాకూ తెలీదని
కిటికీ వైపు తిరిగాను.

తైమి గీతలన్నీ లెక్కపెట్టింది, పెదవులు కదుపుతూ.
నూట ముప్ఫై ఎనిమిది.
"ఒక్క మంత్రం," అంది. "చిన్న దీపం. అంతే.
కత్తి పట్టిన చేత్తో కాదు, ఎడమచేత్తో.
పది దాటాలి."

ఇరవై ముఖాల పాచిక బల్లమీద దొర్లి,
కాఫీ మరక దాటి, బన్ను రొట్టెకి తగిలి ఆగింది.
నాలుగు.

"వెలుగు లేదు," అంది తైమి. "గడ్డం అంచు కమిలిన వాసన."
నవ్వాం. అందరికన్నా ఎక్కువ ఇల్పోనే నవ్వాడు,
అడిగింది చేతికొచ్చినట్టు.
'మాంత్రికుడు, ఒకటి' చెరిపేసి
కింద ఇంకో గీత గీశాడు.
ఒస్మో మాత్రం గొణుగుతూనే ఉన్నాడు, నూట పన్నెండో పేజీ అని.

బన్ను తుంచే ముందు ఇల్పో లేచి
మూల సింకు దగ్గర చేతులు కడుక్కున్నాడు,
గోళ్ళ సందులు, వేళ్ళ నడుమలు, మోచేతులదాకా,
పైకి వినపడకుండా
అంకెలు లెక్కపెడుతూ.