శివారు తిట్టలేదు

ముప్ఫై రెండేళ్లుగా నాకు తెలిసిన పని ఒక్కటే:
బందరు కాలువ మీద గేటు తిప్పడం,
స్కేలు మీద నీటి మట్టం చూసి పుస్తకంలో రాయడం.
యేసుపాదం, లస్కరు. కింద సంతకం.

నీళ్లు తగ్గితే ముందు ఎండేది ఎగువ చేను కాదు,
శివారు.
పెడన అవతల నుంచి వీరాంజనేయులు
బస్సెక్కి వచ్చి లాకుల మీద నిలబడి
మా తాతల్ని కూడా కలిపి తిట్టేవాడు.
ఆ తిట్లే మాకు టెలిగ్రాములు.
మర్నాటికల్లా గుర్రపుడెక్క తీయించేవాళ్లం.

"గుండె కింది భాగానికి నెత్తురు అందలేదు.
కొంత కండ చచ్చిపోయింది. ఇది పాత మచ్చ"
అంది డాక్టరు సంహిత,
గవర్నరుపేటలో, గీతలున్న కాయితం నా వైపు తిప్పి.
"నొప్పి ఎప్పుడొచ్చింది?"
రాలేదమ్మా.
"ఛాతీ బరువు? ఎడం చెయ్యి లాగడం?"
ఒట్టు. ఏమీ లేదు.

పద్నాలుగేళ్ల షుగరట,
పెద్ద కాలువనే కాదు, బోదెల్నీ పూడుస్తుందట,
పైగా కబురు మోసే తీగల్ని కొరికేస్తుందట.
గుండె పట్టుకుని ఒరిగిపోవడం
అందరికీ రాసిపెట్టి ఉండదట.

అప్పుడు గుర్తొచ్చింది,
నిరుడు దసరా ముందు వరద రాత్రి.
గేటు సగం తిప్పేసరికి
చొక్కా పిండితే కారేంత చెమట,
రొప్పు, వాంతొచ్చినట్టు.
షుగరు పడిపోయిందనుకుని సలోమి
గుప్పెడు పంచదార నోట్లో పోసింది.
కాసేపు ఇసక బస్తా మీద కూర్చుని, లేచి,
మిగతా సగం తిప్పాను.
పొద్దున్నే పుస్తకంలో రాశాను కూడా:
అంతా సవ్యం.

అరికాల్లో మేకు దిగినా తెలియక
రెండు రోజులు నడిచినప్పుడే అనుమానించాల్సింది.
నేనేమో రంగా టీకొట్టు దగ్గర గొప్పలు పోయాను,
మనకి నొప్పులు తెలీవురా అని.

తిట్టని శివారు ఉంటుందా?
నాలోపల ఒక ఎకరం
పొట్ట మీదున్న వరి తాలుపోయి, నేల నెర్రెలిచ్చి,
లాకుల దాకా రాలేక
ఊరుకుంది.

ఇప్పుడు మెట్టెక్కితే వచ్చే ఆయాసాన్ని కూడా
ఫిర్యాదు కింద రాసుకుంటున్నాను,
తేదీ వేసి.

వీరాంజనేయులు పది రోజుల నుంచి రాలేదు.
ఇదివరకైతే హాయిగా నిద్రపోయేవాణ్ణి.
ఇవాళ నేనే ఫోను చేశాను.
"ఏవయ్యా, నీళ్లందుతున్నాయా?"
అవతల ఉలుకూ పలుకూ లేదు.
"తిట్టవయ్యా" అన్నాను.