చీటీని తిన్న రాయి

ఇదలీనా గారి గది ఖాళీ చేసే పని నాకు పడింది.
ముప్పైయొక్క ఏళ్లు ఆమె గాజు గొట్టాలు కడిగినవాణ్ణి,
అరలు మాత్రం ఇంకెవరు కడుగుతారు?

మాది అలెంతేజు ఎండలో
గని మూసేశాక మిగిలిపోయిన ఊరు.
నాన్న భుజం మీద మోసింది పైరైట్.
పిల్లలం దాన్ని బంగారమని జేబులో దాస్తే
ఒక చలికాలం తిరిగేసరికి జేబుకి చిల్లు.

ఆమె మొదటిసారి వచ్చిననాడు
గని కాలువ గట్టున నిలబడి
"ఇంటి తాళంచెవి ఉందా?" అంది.
అమ్మది ఇచ్చాను.
దారం కట్టి ఎర్రనీళ్లలోకి వదిలింది.
రొట్టె తిని చేతులు దులుపుకునేలోపు
ఇనుప తాళంచెవి రాగి తొడుక్కుని పైకొచ్చింది.
తలుపు తెరుచుకునేదాకా అమ్మ దాన్ని ఇటుకతో గీకింది,
గీకినంతసేపూ నన్ను తిట్టింది.
నాకు ఉద్యోగం దొరికింది.

"రాయి నిద్రపోతుంది లీనూ, చావదు" అనేది.
గాలి సోకని లోతులో
ఇనుమూ గంధకమూ ఒకదాన్నొకటి పట్టుకుని
కోట్ల ఏళ్లు కిమ్మనకుండా ఉన్నాయి.
తవ్వి వెలుతుర్లో పారబోశాం.
తేమ తగిలింది.
కంటికానని జీవులు ఇనుము మీద బతకడం మొదలెట్టాయి.
ఇక పులుపు, పులుపు మీద పులుపు,
రాగినీ సీసాన్నీ ఆర్సెనిక్‌నీ
రాతి పిడికిలిలోంచి ఒక్కొక్కటే ఊడబెరికే పులుపు.

వేసవిలో గుట్టల మీద ఉప్పులు పూసేవి.
పచ్చగా అన్నభేది, నీలంగా మైలుతుత్తం,
పసుపుదాని పేరు మూడుసార్లు రాసిచ్చింది,
ఈనాటికీ నాకు నోరు తిరగదు.
గొర్రెలు నాకబోతే
జెర్వాజియు కర్ర విసిరి కేకలేసేవాడు.

అక్టోబరు తొలివానకి
ఊరంతా కుర్చీలు బయటేసుకుని తడిసేది.
ఆమె రాత్రి రెండింటికి జీపు తీసేది.
ఆర్నెల్ల ఉప్పు ఒక్క గంటలో కరిగి ఏట్లోకి దిగుతుంది,
పది నిమిషాలకో సీసా, గొడుగు కింద టార్చి నాది.
తెల్లారితే వంతెన కింద
పొట్టలు పైకి తేలిన చేపలు.
మోకాళ్ల లోతున నిలబడి లెక్కపెట్టేది.
"తప్పకు. వీటి తరఫున కాగితం మనమే."

కాగితాలు చాలా రాసింది. లిస్బన్ నుంచి పెద్దమనుషులు వచ్చి
బూట్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని చూసి వెళ్లారు.
చివరికి ఒక్క కాలువకి సున్నపురాయి పరిపించగలిగింది.
ముప్పై ఏళ్లకి ఒక్కటి.
దాన్లోకి కప్పలొచ్చాయి.
వాటి మీద ఆమె ఏ కాగితమూ రాయలేదు,
ఆదివారాలు వెళ్లి గట్టున కూచునేది, అంతే.

నిన్న, బీరువా అడుగున పద్నాలుగో అర.
లాగితే రాలేదు. తన్నితే వచ్చింది, ముక్కు మండే వాసనతో.
చెక్క బొగ్గులా నల్లబడింది.
రాయి ఉండాల్సిన చోట
బూడిదరంగు పొడి, దాని మీద తెల్లని నూగు.
పక్కన, విద్యార్థినిగా ఉన్నప్పుడు ఆమె రాసుకున్న
మొట్టమొదటి నమూనా చీటీ.
తేదీ లేదు. ఊరి పేరు లేదు.
సంతకంలో ఒక్క అక్షరం మిగిల్చింది,
తినడం మరిచిపోయినట్టు.

చూపించాలా వద్దా అని చాలాసేపు నిలబడ్డాను.
ఆమె కళ్లజోడు నుదుటికెత్తి వంగి చూసింది.
"జీవితమంతా దీన్ని ఏట్లో వెతికాను,
ఇది నా సొరుగులోనే చేస్తోందా!"
నవ్వింది, దగ్గొచ్చేదాకా.
తర్వాత వేలు తడిపి పొడి తాకబోయి,
అలవాటుగా ఆగి,
పరీక్ష కాగితం అడిగింది.
మందారంలా ఎర్రబడింది కాగితం.
నోట్‌బుక్‌లో ఆఖరి పేజీ తిప్పి
ఆ అంకె రాసి, గంట రాసి,
గదిలో తేమ ఎంతో కిటికీ దగ్గరికెళ్లి చూసొచ్చి
అదీ రాసింది.

ఈ ఉదయం ఆమె రాలేదు. రానక్కర్లేదు ఇక.
పడమట మబ్బు పట్టింది,
సిస్టస్ పొదల జిగురు వాసన ఊళ్లోకి వచ్చేసింది.
ఎవరూ చెప్పలేదు.
ఇరవై నాలుగు సీసాలు కడిగి
మూతలు విప్పి
గుడ్డ మీద బోర్లించాను.