అగ్గిపుల్ల బాకీ

వల్పరాయిసోలో, కొండ మీద,
తాడు బళ్ళ పై స్టేషన్లో
టికెట్ల కిటికీ వెనక కూర్చునే మనిషిని నేను.
పేరు ఎదువిహెస్. వయసు అడక్కండి,
ఆ బళ్ళకంటే చిన్నదాన్నే.

బండి వస్తుంది, జనం దిగుతారు,
చిల్లర గలగలమంటుంది.
అంతవరకూ కంపెనీ మనిషిని.
మళ్ళీ బండి వచ్చేదాకా
నాలుగు నిమిషాలు, ఒక్కోసారి ఐదు,
నా సొంతం.

ఆ చలికాలం హీటరు చచ్చింది.
కొళాయిలు బాగుచేసే నిబాల్దో
రేకు కుంపటి ఒకటి తెచ్చి పెట్టి,
పానాల సంచిలోంచి అట్ట ఊడిన నవల తీసి
"దీంతో అంటించుకో" అన్నాడు.
చింపబోతూ, ఊరికే,
మధ్యలో ఒక చోట చూశాను.
ఎవరో ఆడమనిషి, అర్ధరాత్రి,
పడవ తాడు విప్పుతోంది.
ఎందుకు విప్పుతోందో తెలియాలి కదా!
వెనక్కి తిప్పాను.
ఇంకా వెనక్కి.
కుంపటికి నేనింకా ఒక అగ్గిపుల్ల బాకీ.

పొగమంచు రోజులు మంచివి.
జనం రారు, ఇరవై పేజీలు నడుస్తాయి.
పెద్ద ఓడ రేవుకొచ్చిన రోజున
పొద్దుటినుంచి రాత్రికి మూడే మూడు వాక్యాలు.
పోనీలే, ఆ మూడూ
ఇంటికెళ్ళేదాకా నెమరేస్తాను.
ఆవుకి తెలుసు ఆ సుఖం,
గబగబా మింగేవాళ్ళకి తెలీదు.

రక్తపోటు చూసే డాక్టరమ్మ
నిద్రకి ఏం వేసుకుంటున్నావంది.
నలభై పేజీలు, అన్నాను.
రాసుకుంది. నిజంగానే రాసుకుంది.

చెల్లెలు ఒర్తెన్సియాతో
పదకొండేళ్ళు మాటల్లేవు నాకు,
అమ్మ కుట్టుమిషను గురించి.
ఇంకో పుస్తకంలో అన్నదమ్ములిద్దరు
ఒక గుర్రం కోసం కోర్టుకెక్కారు.
రెండువందల పేజీలు నేను పెద్దాడి పక్షం.
చిన్నాణ్ణి నోరారా తిట్టాను కూడా, స్పానిష్‌లో
ఎన్ని తిట్లున్నాయో అన్నీ.
తర్వాతి పేజీలో వాడు
చీకట్లో, ఎవరికీ చెప్పకుండా,
అన్న ఇంట్లో ఉన్న గుర్రానికి
నీళ్ళు పెట్టి వస్తాడు.
అంతే. ఒక్క బొక్కెన నీళ్ళు.
బండి వచ్చి ఆగింది, గేటు వదల్లేదు నేను.
జనం అద్దం మీద నాణేలతో కొట్టారు.

ఆ ఆదివారం చెల్లెలింటికి వెళ్ళాను.
మిషను ఊసెత్తలేదు.
దానికి సరిపడే సూదుల పొట్లం మాత్రం
టీ కప్పు పక్కన పెట్టాను.
ఇప్పుడు ప్రతి ఆదివారం
అదే టీ పోస్తూ అడుగుతుంది ఒర్తెన్సియా:
"అన్ని పుస్తకాలు చదివి
ఏం బావుకున్నావే?"
నేనేం చెప్పను. రొట్టె తింటాను.

తాడు ఒకటే, బళ్ళు రెండు.
ఒకటి దిగితేనే రెండోది ఎక్కుతుంది.
పేజీలోకి నేను దిగేటప్పుడు
నాలో ఎక్కివచ్చేది ఎవరో
ఇన్నేళ్ళయినా మొహం సరిగా చూడలేదు.
అడుగుల చప్పుడు మాత్రం గుర్తుపడతాను.

చెప్పడం మరిచాను,
ఆ మొదటి నవలకి చివరి పేజీలు లేవు.
నిబాల్దోని నిలదీస్తే
"అంతకుముందు వారం చేపలు కాల్చుకున్నాం" అన్నాడు,
పాపం, తల దించుకుని.
అట్ట లేదు, పేరు లేదు,
ఏ కొట్లో ఏమని అడగను?
ఆమె పడవ ఎక్కడ తేలిందో
ఆరేళ్ళుగా తెలీదు నాకు.
కిటికీలోంచి రేవంతా కనిపిస్తుంది.
చిన్న పడవ ఏది కదిలినా
వేలు పేజీలో పెట్టి తలెత్తుతాను.

కింది మెట్ల వీధి పిల్ల నినోస్కా
బడికి పోతూ రోజూ అడుగుతుంది,
"చేరిందా?"
"ఇంకా లేదు."
"నిన్న రాత్రి గాలి బాగానే వీచిందే!"
అని తనే ఆలోచించి
సంచీ ఎగేసుకుని పోతుంది.

అదిగో, బండి వస్తోంది. తాడు మూలుగుతోంది.
ఉండండి బాబూ, తోసుకోకండి,
ఈ పేరా అయ్యాక గేటు తీస్తాను.